పదమూడు గెలిచిన జట్టును ఆగస్టులో ఎలా చదవాలి

2024 ఆగస్టు 24, శనివారం. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదిన్నర, అట్లాంటాలో మిట్టమధ్యాహ్నం పన్నెండు, ఆట జరుగుతున్నది మాత్రం ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌కి అదే తొలి పెద్ద మ్యాచ్. ఒకవైపు ఫ్లోరిడా స్టేట్: ముందటేడు వరసగా పదమూడు మ్యాచ్‌లు గెలిచింది, సీజన్‌కి ముందు ఏపీ పోల్‌లో 10వ ర్యాంకు ఇచ్చారు (ఏపీ అంటే అసోసియేటెడ్ ప్రెస్, మన ఏపీ కాదు), ఏసీసీ కాన్ఫరెన్స్ (ఈ రెండు కాలేజీలూ ఆడే లీగ్) ఈసారి కూడా వీళ్లదేనని విలేకర్లు ఓటేశారు. రెండోవైపు జార్జియా టెక్: ముందటేడు 7 గెలిచి 6 ఓడిన జట్టు. బెట్టింగ్ లెక్కల్లో ఫ్లోరిడా స్టేట్ వైపు పది పాయింట్లకు పైగా మొగ్గు ఉంది. సమయం సున్నాకి వస్తుండగా టెక్ కిక్కర్ ఏడన్ బర్ 44 గజాల దూరం నుంచి బంతిని స్తంభాల మధ్యకు తన్నాడు. టెక్ 24, ఫ్లోరిడా స్టేట్ 21.

ఒక్క ఓటమే అయితే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు, పెద్ద జట్లు మొదటి వారం తడబడటం మామూలే. కానీ ఫ్లోరిడా స్టేట్ ఆ సీజన్ మొత్తంలో గెలిచినవి రెండు, ఓడినవి పది. పదమూడు గెలుపుల నుంచి రెండుకి పడిపోయింది! ఇంతలా కూలుతుందని ఎవరూ అనుకోలేదు, మేం ముందే చెప్పాం అని ఇప్పుడు అనేవాళ్లని పెద్దగా నమ్మక్కర్లేదు. అయితే ఆ జట్టు ముందటేడు జట్టు కాదని, దాన్ని పదో ర్యాంకులో పెట్టడం పాత బాకీ కింద ఇచ్చిన మర్యాదేనని, ఆగస్టులోనే, ఒక్క స్నాప్ (ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించడం) పడకముందే, కాగితం మీద కనపడుతూ ఉంది. సీజన్‌కి ముందు ప్రత్యర్థిని తూకం వేయడం అంటే ఏమిటో అర్థం కావాలంటే, టెక్ అభిమాని కుర్చీలో కూర్చుని ఆ వేసవిలో ఫ్లోరిడా స్టేట్‌ని చూడటం కంటే మంచి పాఠం దొరకదు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మైదానం వంద గజాలు, మన ప్లాట్లు కొలిచే గజమే. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్లకి. బంతి ఎటు పోవాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. వాడి ముందు గోడలా నిలబడే అయిదుగురు లైన్‌మెన్, ఒక్కొక్కడు నూట నలభై కిలోల మనిషి. కాలేజీ ఆటలో వచ్చే చిక్కు ఏంటంటే, వీళ్లంతా చదువుకునే కుర్రాళ్లు, మూడేళ్లో నాలుగేళ్లో ఆడి వెళ్లిపోతారు. దానికి తోడు 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చింది, 2021 నుంచి కాలేజీ మారినవాడు ఏడాది బెంచ్ మీద కూర్చోవాలన్న నిబంధన కూడా పోయింది, అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. ఐపీఎల్‌లో మెగా వేలం మూడేళ్లకోసారి జరిగితేనే పాత పాయింట్ల పట్టిక చూసి జోస్యం చెప్పడానికి జంకుతాం. ఇక్కడ ప్రతి శీతాకాలమూ మెగా వేలమే, పైగా రిటెన్షన్ లేదు. అయినా ర్యాంకులిచ్చేవాళ్లు పాత పట్టిక పట్టుకునే మొదలుపెడతారు.

దానికి కారణం జెర్సీ. ఫ్లోరిడా స్టేట్ అంటే బాబీ బౌడెన్ కట్టిన సామ్రాజ్యం, 1993, 1999, 2013లో జాతీయ చాంపియన్లు, ఎర్ర బంగారు రంగు చొక్కా, ఆటకు ముందు గుర్రం మీద వచ్చి మైదానం మధ్యలో మండే ఈటె నాటే ఆచారం. చూస్తేనే సగం భయం వేస్తుంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న బాపతు ధైర్యం ఇలాంటి జట్లకి ఎప్పుడూ ఉంటుంది, ఓటేసేవాళ్లకీ ఆ వాసన తగులుతూనే ఉంటుంది. ప్రత్యర్థిని చదివేవాడు ముందు చేయాల్సిన పని ఆ చొక్కా విప్పి పక్కన పెట్టి, లోపల ఎవరున్నారో లెక్కపెట్టడం.

లెక్కపెడితే ఏం కనపడింది? 2024 ఏప్రిల్‌లో జరిగిన ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోటు) ఫ్లోరిడా స్టేట్ నుంచి పదిమంది ఎంపికయ్యారు. క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్, రన్నింగ్ బ్యాక్ ట్రే బెన్సన్, రిసీవర్లు కియాన్ కోల్మన్, జానీ విల్సన్, టైట్ ఎండ్ జహీమ్ బెల్. అంటే బంతి విసిరేవాడు, మోసేవాడు, పట్టేవాళ్లు అందరూ ఒకేసారి గడప దాటారు. డిఫెన్స్‌లో మొదటి రౌండ్‌లోనే పోయిన జేరెడ్ వర్స్, అతని పక్కన బ్రేడెన్ ఫిస్క్, లైన్‌బ్యాకర్ టేటమ్ బెథూన్, వెనక కాపలా కాసే రెనార్డో గ్రీన్, జారియన్ జోన్స్. పదిమంది డ్రాఫ్ట్ అయ్యారంటే ఆ కాలేజీ వెబ్‌సైట్లు పండగ చేసుకుంటాయి. ప్రత్యర్థి జట్టు అభిమాని కూడా పండగ చేసుకోవాల్సింది అప్పుడే.

ఇక్కడ ఇంకాస్త దగ్గరగా చూడాల్సిన సంగతి ఉంది. ఆ పదిమందిలో ఫ్లోరిడా స్టేట్ హైస్కూల్ నుంచి తెచ్చుకుని పెంచినవాడు గ్రీన్ ఒక్కడే. మిగతా తొమ్మిది మందీ వేరే కాలేజీల నుంచి మారి వచ్చినవాళ్లు. ట్రావిస్ లూయివిల్ నుంచి, వర్స్ అల్బనీ అనే చిన్న కాలేజీ నుంచి, ఫిస్క్ వెస్టర్న్ మిషిగన్ నుంచి, కోల్మన్ మిషిగన్ స్టేట్ నుంచి, బెన్సన్ ఆరెగన్ నుంచి, విల్సన్ అరిజోనా స్టేట్ నుంచి, బెల్ సౌత్ కరోలినా నుంచి, బెథూన్ యూసీఎఫ్ నుంచి, జోన్స్ మిసిసిపి స్టేట్ నుంచి. కోచ్ మైక్ నార్వెల్ 2020లో 3-6 (మూడు గెలుపులు, ఆరు ఓటములు), 2021లో 5-7 చేసి ఉద్యోగం ఊడేలా ఉన్న స్థితి నుంచి 2022లో 10-3కి, 2023లో 13-1కి ఎక్కింది ఈ కొనుగోళ్ల మెట్ల మీదే. అది తప్పేం కాదు, నిబంధనల్లో ఉన్నదాన్ని అందరికంటే బాగా వాడుకున్నాడు. కానీ సొంత పొలంలో పండించేవాడికి ఒక ఏడాది వాన తగ్గినా గాదెలో పాత గింజలుంటాయి. ప్రతి నెలా అంగట్లో కొనుక్కుని తినేవాడికి ఒక్కసారి సరుకు బాగోకపోతే ఆ నెలంతా పస్తే. 2024లో కింది వరసలో ఎదిగి సిద్ధంగా ఉన్న కుర్రాళ్లు ఎంతమంది అన్న ప్రశ్నకు జవాబు ఈ తొమ్మిది పేర్లలోనే ఉంది.

మరి ఆ శీతాకాలం కొత్తగా ఏం కొన్నారు? పేర్లు చూస్తే ఘనంగానే ఉన్నాయి. అలబామా నుంచి రిసీవర్ మలిక్ బెన్సన్, రన్నింగ్ బ్యాక్ రోయ్‌డెల్ విలియమ్స్, లైన్‌బ్యాకర్ షాన్ మర్ఫీ, ఇంకా ఒకరిద్దరు. జార్జియా (టెక్ కాదు, జార్జియా యూనివర్సిటీ) నుంచి మార్విన్ జోన్స్ జూనియర్. ఎల్ఎస్‌యూ నుంచి రిసీవర్ జేలెన్ బ్రౌన్. సంచుల మీద అచ్చైన బ్రాండ్లన్నీ గొప్పవే. కానీ సంచిలో ఏముంది? మలిక్ బెన్సన్ 2023లో అలబామాకు సీజన్ మొత్తంలో పట్టిన బంతులు 13, గజాలు 162. వీళ్లలో ఎక్కువమంది పెద్ద కాలేజీల్లో రెండో వరసలో నిలబడినవాళ్లు, మొదటి వరసకు ఎక్కలేక బయటికొచ్చినవాళ్లు. వర్స్, ఫిస్క్ లాంటివాళ్లది దీనికి పూర్తి తలకిందుల కథ. చిన్న చోట ప్రతి వారం ఆడి, ఎదురొచ్చినవాడినల్లా పడగొట్టి, ఇక ఇక్కడ పట్టం అనుకుని పెద్ద చోటికి వచ్చినవాళ్లు వాళ్లు. చిన్న కాలేజీలో రోజూ ఆడినవాడా, పెద్ద కాలేజీలో బెంచీ మీద ఉన్నవాడా అంటే, నూటికి నూరుపాళ్లు కాదుగానీ, మొదటివాడిమీదే పందెం కాయాలి. ప్రత్యర్థి జట్టులో కొత్తగా చేరినవాళ్ల పేర్ల పక్కన ఉండే నక్షత్రాలు అతను హైస్కూల్లో ఉన్నప్పుడు ఎవరో ఇచ్చినవి, ఆ తర్వాత నిజంగా ఎన్ని స్నాప్‌లు ఆడాడన్నది వేరే లెక్క. ఎప్పుడూ ఆ రెండోదే అడగాలి.

అన్నిటికంటే పెద్ద కొనుగోలు క్వార్టర్‌బ్యాక్ డీజే ఉయ్యాంగలెలే. పేరు పలకడానికే వ్యాఖ్యాతలకు రెండు సీజన్లు పట్టింది. హైస్కూల్ నుంచి ఐదు నక్షత్రాలతో క్లెమ్సన్‌కి వచ్చి, 2022 డిసెంబర్‌లో ఏసీసీ ఫైనల్ మధ్యలో తన స్థానాన్ని కేడ్ క్లబ్నిక్‌కి పోగొట్టుకుని, ఆరెగన్ స్టేట్‌కి వెళ్లి 2023లో 21 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం), 7 ఇంటర్‌సెప్షన్లతో (విసిరిన బంతి అవతలివాళ్లకి చిక్కడం) ఫర్వాలేదనిపించుకున్నాడు. ఆ అంకెలు చూసి చాలామంది సంబరపడ్డారు. ఒక మనిషి అంకెల్ని చదివేటప్పుడు అతని చుట్టూ ఎవరున్నారో చూడకపోతే అది జాతకం చెప్పడం లాంటిదే. ఆరెగన్ స్టేట్‌లో అతని ముందున్న లైన్‌లో టలీసే ఫుఆగా అనే టాకిల్ ఉన్నాడు, 2024 డ్రాఫ్ట్‌లో 14వ వాడిగా వెళ్లాడు. పక్కన డేమియన్ మార్టినెజ్ అనే బలమైన రన్నింగ్ బ్యాక్ ఉన్నాడు. అక్కడ పరుగు ఆట బాగుండబట్టే అతను విసరాల్సివచ్చినప్పుడు అవతలి డిఫెన్స్ సగం అడుగు వెనక ఉండేది. అంత అనుకూలంలోనూ అతను విసిరిన బంతుల్లో చేరినవి నూటికి 57 మాత్రమే.

ఇక అతను ఎవరి స్థానంలోకి వస్తున్నాడో చూడండి. ట్రావిస్ 2023లో 20 టచ్‌డౌన్లు విసిరి, సీజన్ మొత్తంలో అవతలివాళ్ల చేతిలో పెట్టిన బంతులు రెండే రెండు. రెండు! అంత పొదుపు మరుసటి ఏడాది ట్రావిస్ ఉన్నా రిపీట్ కావడం కష్టం, అసలు అతనే లేడు. ఇంకో తేడా కూడా ఉంది. లైన్ కూలిపోతే ట్రావిస్ పక్కకు జారుకుని, ఇద్దర్ని తప్పించి ఎనిమిది గజాలు పరిగెత్తేవాడు. లైన్ చేసిన తప్పు ఎక్కడా నమోదు కాకుండా మాయమైపోయేది. ఉయ్యాంగలెలే భారీ మనిషి, ఎదురుగా ఒక గజం కావాలంటే తోసుకుపోతాడుగానీ ఊబిలోంచి జారుకునే రకం కాదు. అంటే లైన్ అదే అయినా, లైన్ తప్పులు ఈసారి బయటపడతాయి.

లైన్ గురించే ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రీసీజన్ రాతల్లో అన్నిటికంటే పైపైన పోనిచ్చేది దీన్నే. ఫ్లోరిడా స్టేట్ లైన్ గురించి ఆ వేసవిలో అందరూ రాసిన మాట ఒకటే: అనుభవం. డేరియస్ వాషింగ్టన్, మారిస్ స్మిత్, జెరమయా బయర్స్, రాబర్ట్ స్కాట్, అందరూ ఏళ్ల తరబడి ఆడినవాళ్లు. నిజమే. కానీ అయిదేళ్లుగా అదే ఉద్యోగంలో ఉన్నాడంటే బాగా చేస్తున్నాడనీ అర్థం కావచ్చు, ఇంకెక్కడా రమ్మనలేదనీ కావచ్చు. ముందటేడు సహచరులు పదిమంది ఎన్ఎఫ్ఎల్‌కి వెళితే అందులో ఆఫెన్సివ్ లైన్‌మన్ ఒక్కడూ లేడన్నది ఆ రెండో అర్థం వైపు కొంచెం తోస్తుంది.

లైన్‌ని చదవాలంటే పాత మ్యాచ్ వీడియోలో బంతి వెంట కళ్లు పరిగెత్తించకూడదు. మూడో ప్రయత్నం, ఒక గజం కావాలి, అందరికీ తెలుసు పరుగేనని, అలాంటి ఆట ఒకటి తీసుకోవాలి. స్నాప్ పడ్డ అర సెకనులో ఎవరి తల ఎవరి ఛాతీ కింద ఉందో చూడాలి. కింద ఉన్నవాడు గెలుస్తున్నట్టు. తర్వాత పాదాలు చూడాలి, లైన్‌మన్ పాదాలు గీత దాటి అవతలికి పడుతున్నాయా, ఉన్నచోటే తొక్కుతున్నాయా, వెనక్కి జారుతున్నాయా అని. ఇలాంటివి పది ఆటలు ఏరి చూస్తే, ఆ జట్టు గురించి హైలైట్స్ వీడియో గంట సేపు చూసినా తెలియనిది తెలుస్తుంది. బోరు పని, ఎవరూ చేయరు, అందుకే చేసినవాళ్లకి లాభం. 2024 సీజన్ ముగిసేసరికి ఫ్లోరిడా స్టేట్ పరుగు ఆట దేశంలోనే అట్టడుగు వరసలో ఉంది, ఆ అనుభవజ్ఞులైన లైన్‌తోనే.

ఇప్పుడు అసలు ఆధారం దగ్గరికి వద్దాం, అందరి కళ్ల ముందూ ఉండీ ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. 2023 నవంబర్‌లో నార్త్ అలబామాతో ఆటలో ట్రావిస్ కాలు విరిగింది. జట్టు తర్వాత కూడా గెలుస్తూనే వచ్చింది, ఏసీసీ ఫైనల్‌లో మూడో నంబర్ క్వార్టర్‌బ్యాక్‌తో లూయివిల్‌ని 16-6తో కొట్టింది. అయినా డిసెంబర్ 3న జాతీయ టైటిల్ కోసం ఆడే నాలుగు జట్లని ఎంచే ప్లేఆఫ్ కమిటీ వీళ్లని ఆ నాలుగింటిలోంచి తప్పించింది. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఓటమి లేకుండా టైటిల్ గెలిచిన జట్టును ప్లేఆఫ్‌కి రానివ్వకపోవడం అదే మొదటిసారి. పెద్ద గొడవైంది, కోపంలో న్యాయం ఉంది. ఆ నిరాశలో, డ్రాఫ్ట్‌కి వెళ్లేవాళ్లు వెళ్లి, పోర్టల్లో దూకేవాళ్లు దూకి, దెబ్బలు తగిలినవాళ్లు మిగిలి, డిసెంబర్ 30న ఆరెంజ్ బౌల్‌కి (సీజన్ చివర జరిగే ప్రత్యేక మ్యాచ్) రెండు డజన్లకు పైగా ఆటగాళ్లు లేకుండా దిగారు. జార్జియా 63, ఫ్లోరిడా స్టేట్ 3.

ఆ స్కోరు గురించి అందరూ ఒకే మాటన్నారు: అసలు జట్టు ఆడలేదు కదా, దాన్ని లెక్కెట్టకూడదు. 2023 జట్టు ఎంత గొప్పది అన్న ప్రశ్నకైతే అది సరైన జవాబే. కానీ 2024 గురించి అడుగుతున్నప్పుడు? ఆ రోజు ఆడని పెద్ద పేర్లలో ఎక్కువమంది తిరిగి వచ్చేవాళ్లు కారు. మైదానంలో నిలబడి 63 పాయింట్లు తిన్నవాళ్లలో చాలామంది మాత్రం ఆగస్టులో మళ్లీ అదే చొక్కా వేసుకోబోయేవాళ్లు. అంటే ఆరెంజ్ బౌల్ 2023 సీజన్‌కి ముగింపు ఎంత మాత్రమూ కాదు, 2024 సీజన్‌కి రిహార్సల్. గాయాల నుంచి కోలుకుని తిరిగొచ్చేవాళ్లు కొందరున్నారు, కొత్తగా కొన్నవాళ్లున్నారు, కాబట్టి అరవై పాయింట్ల తేడా అని కాదు. కానీ కింది వరస ఎలా ఉందో చూపించే ఒక పూర్తి మ్యాచ్ చేతికి అందితే, దాన్ని చెత్తబుట్టలో వేసి ఏ మాత్రం సంబంధం లేని పదమూడు మ్యాచ్‌లని పట్టుకు కూర్చోవడం ఏం లెక్క?

సరే, ప్రత్యర్థిలో మంచి ఏమీ లేదా అంటే ఉంది, అది రాయకపోతే విశ్లేషణ కాదు, కోరికల చిట్టా అవుతుంది. డిఫెన్సివ్ లైన్‌లో జాషువా ఫార్మర్, డారెల్ జాక్సన్, అంచున ప్యాట్రిక్ పేటన్ ఉన్నారు. కార్నర్‌బ్యాక్‌లు అజరియా థామస్, ఫెంట్రెల్ సైప్రెస్ మంచివాళ్లే. కిక్కర్ ర్యాన్ ఫిట్జెరాల్డ్ కాలు బలమైనది. ఆగస్టులో నిజాయితీగా రాసుంటే ఇలా ఉండాల్సింది: ఎనిమిది గెలిచే జట్టు, పోల్‌లో ఇరవై కింద ఎక్కడో, టెక్‌తో ఆటకి మొగ్గు నాలుగో ఐదో పాయింట్లు. రెండు గెలుపులు అని రాసినవాడిని అప్పట్లో పిచ్చివాడనేవాళ్లం, అనడంలో తప్పూ లేదు. ఈ పద్ధతి వాలు ఎటుందో చెబుతుంది, లోయ ఎంత లోతో చెప్పదు.

ప్రత్యర్థిని చూడటం అంటే సగం మనల్ని మనం చూసుకోవడం, ఎవరికి ఎవరు ఎక్కడ తగులుతారన్నదే ఆట కాబట్టి. అట్లాంటా చుట్టూ ఆల్ఫరెటా, కమింగ్ వైపు తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, టెక్‌లో ఎంఎస్, పీహెచ్‌డీ చేసిన మనవాళ్లకీ కొదవ లేదు. ఫుట్‌బాల్‌లో పక్కనున్న జార్జియా యూనివర్సిటీ నీడలో బతకడం ఎలా ఉంటుందో వాళ్లకి బాగా తెలుసు. ఆ టెక్ 2023లో బౌలింగ్ గ్రీన్ లాంటి జట్టు చేతిలో సొంత మైదానంలో 38-27తో ఓడింది, తర్వాతి వారమే మయామీని 23-20తో గెలిచింది. ఆ మయామీ ఆట ఎలా గెలిచిందో తెలిసిందే, అవతలివాళ్లు మోకాలు కిందపెట్టి గడియారం అరగదీస్తే సరిపోయేదానికి పరిగెత్తబోయి బంతి వదిలేశారు, చివరి సెకన్లలో టెక్ క్వార్టర్‌బ్యాక్ హేన్స్ కింగ్ 44 గజాల టచ్‌డౌన్ విసిరాడు. కాబట్టి టెక్ 7-6లో కూడా ఒక గెలుపు దేవుడిచ్చినది. ప్రత్యర్థి అదృష్టం గీకేసేవాడు సొంత అదృష్టమూ గీకేయాలి.

గీకేశాక టెక్‌లో మిగిలింది పరుగు ఆట. 2023లో ఏసీసీలో అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తింది వీళ్లే, జమాల్ హేన్స్ వెయ్యి దాటాడు, క్వార్టర్‌బ్యాక్ కింగ్ సొంత కాళ్ల మీద 737 గజాలు తీశాడు, విసరడంలో 27 టచ్‌డౌన్లు ఇచ్చి 16 ఇంటర్‌సెప్షన్లతో గుండె ఆపినంత పనీ చేశాడు. ఆ ఆఫెన్స్ చాలావరకు అలాగే తిరిగొచ్చింది. పరుగుని ఆపడంలో మాత్రం టెక్ డిఫెన్స్ దేశంలో అట్టడుగు వరసలో ఉంది. దానికి కోచ్ బ్రెంట్ కీ డ్యూక్ నుంచి టైలర్ శాంటూచీని డిఫెన్స్ నడిపే కొత్త కోఆర్డినేటర్‌గా తెచ్చాడు. ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టండి. టెక్ బలహీనత పరుగు ఆపలేకపోవడం, ఫ్లోరిడా స్టేట్ పరుగు ఆటలో అనుమానాలున్నాయి. టెక్ బలం నేల మీద తోసుకుపోవడం, ఫ్లోరిడా స్టేట్ డిఫెన్స్ ముందు వరసలో వర్స్, ఫిస్క్ లేరు. ర్యాంకు ఎంత తేడా ఉన్నా ఈ జోడీ టెక్‌కి నప్పేదే.

డబ్లిన్‌లో జరిగింది దాదాపు అదే. ఫ్లోరిడా స్టేట్ మొదటి డ్రైవ్‌లోనే (బంతి చేతికొచ్చిన తొలి విడతలోనే) చకచకా వెళ్లి టచ్‌డౌన్ చేసింది, చూసేవాళ్లు ఇక అయిపోయింది అనుకున్నారు. ఇదో సరదా సంగతి, మొదటి డ్రైవ్ అంటే కోచ్ ఆర్నెల్లు కూర్చుని రాసిపెట్టుకున్న స్క్రిప్టు, అది అయిపోయాకే అసలు జట్టు కనపడుతుంది. ఆ తర్వాత టెక్ 190 గజాలు పరిగెత్తింది, ఫ్లోరిడా స్టేట్ వంద కూడా దాటలేదు. ఉయ్యాంగలెలే 27కి 19 చేర్చాడు, వింటానికి బాగుంటుంది, కానీ మొత్తం 193 గజాలే, ఒక్క టచ్‌డౌనూ లేదు. అన్నీ పక్కకీ దగ్గరికీ వేసిన చిన్న బంతులు. 21-21 దగ్గర బంతి టెక్ చేతికొచ్చాక వాళ్లు తొందర పడలేదు, తోసుకుంటూ తోసుకుంటూ గడియారాన్ని కరిగించి ఏడన్ బర్‌ని పిలిచారు.

ఈ పద్ధతి పనిచేయని చోట్లూ ఉన్నాయి. 2023 సెప్టెంబర్ 2న టీసీయూ ఎదుర్కొన్న కొలరాడోనే చూడండి. ముందటేడు 1-11, కొత్త కోచ్ డియాన్ శాండర్స్ వచ్చి జట్టును దాదాపు మొత్తం మార్చేశాడు. చదవడానికి పాత వీడియో అన్నదే లేదు, ఉన్నదల్లా శాండర్స్ అంతకుముందు పనిచేసిన జాక్సన్ స్టేట్ ఆటలే. టీసీయూ సంగతి కూడా చూడాలి, 2022లో కాన్ఫరెన్స్‌లో ఏడో స్థానం వస్తుందని అందరూ అంటే జాతీయ ఫైనల్ దాకా వెళ్లి అక్కడ జార్జియా చేతిలో 65-7తో చితికింది. పేరు మోసిన ఆ టీసీయూ సొంత మైదానంలో కొలరాడోకి 45-42తో ఓడింది, కొలరాడో క్వార్టర్‌బ్యాక్, కోచ్ కొడుకు షెడ్యూర్ శాండర్స్ 510 గజాలు విసిరాడు. కొలరాడో ఆ ఏడు 4-8తో ముగించిందన్నది వేరే సంగతి, ఆ ఒక్క శనివారం మాత్రం వాళ్లని ముందే చదవడం ఎవరి వల్లా కాదు. 2007లో అపలాచియన్ స్టేట్ 5వ ర్యాంకు మిషిగన్‌ని 34-32తో కొట్టిన కథ దీనికి భిన్నం. అక్కడ చదవడానికి అన్నీ ఉన్నాయి, ఆ చిన్న జట్టు తన స్థాయిలో 2005, 2006 రెండేళ్లూ జాతీయ చాంపియన్. చిన్న డివిజన్ కదా అని ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

ఆగస్టు వార్తల్ని ఎంత నమ్మాలి అంటే, చాలా తక్కువ. ప్రతి క్యాంపు నుంచీ ఒకటే రిపోర్టు: అందరూ బరువు పెంచారు, వేగం పెంచారు, ఇంత ఐకమత్యం గతంలో ఎప్పుడూ లేదు. నమ్మదగినది ఒక్కటుంది, మొదటి మ్యాచ్ వారంలో విడుదల చేసే డెప్త్ చార్ట్‌లో (ఏ స్థానంలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న జాబితా) రెండు పేర్ల మధ్య ఉండే 'లేదా' అన్న మాట. ఒకచోట ఉంటే పోటీ బాగుందనుకోవచ్చు. నాలుగైదు చోట్ల ఉంటే కోచ్‌కే తెలియదన్నమాట.

డబ్లిన్ తర్వాత తొమ్మిది రోజులకి, సెప్టెంబర్ 2న, బోస్టన్ కాలేజ్ వచ్చి ఫ్లోరిడా స్టేట్‌ని సొంత మైదానంలోనే 28-13తో ఓడించింది. ఆ రోజు బోస్టన్ కాలేజ్ క్వార్టర్‌బ్యాక్ టామీ కాస్టెలానోస్. ఏడాది తిరిగేసరికి ఆ కాస్టెలానోసే పోర్టల్‌లోంచి ఫ్లోరిడా స్టేట్‌కి వచ్చాడు, ఆఫెన్స్ నడపడానికి గస్ మాల్జాన్ వచ్చాడు, డిఫెన్స్‌కి టోనీ వైట్ వచ్చాడు, లైన్ మారింది. 2025 ఆగస్టులో మొదటి ప్రత్యర్థి అలబామా. ఈసారి అందరూ చొక్కా మీద 2-10 అన్న అంకె చూసి, అలబామాకి పదమూడు పాయింట్ల దాకా మొగ్గు ఇచ్చారు. ఫ్లోరిడా స్టేట్ నేల మీద 230 గజాలు పరిగెత్తి 31-17తో గెలిచింది.